కారులో పెట్రోలు వాసన – కంటికి కనపడని లీకులు

(ఖరగ్‌పూర్ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నాకు ఉపన్యాసాలు రావు. ఇంటర్మీడియట్ తో చదువు ఆపేసి 1989 లో ఈ.ఎం.ఈ. లో వెహికల్ మెకానిక్ గా చేరాను. సికింద్రాబాద్ లో ట్రైనింగు అయ్యాక ఇరవై ఎనిమిదేళ్ళు పానాలతో, గ్రీజుతో గడిపి 2017 లో సుబేదార్ గా రిటైరయ్యాను. మా నాన్నగారు ఇక్కడి రైల్వే వర్క్ షాపులో పనిచేశారు కాబట్టి మళ్ళీ ఈ ఊరికే వచ్చి స్థిరపడ్డాను. కార్యదర్శి గారు "మీకు తెలిసిన విషయం ఏదైనా అందరికీ పనికొచ్చేది చెప్పండి సాబ్" అన్నారు. మనలో చాలామందికి పెన్షన్ డబ్బులతో కొనుక్కున్న పెట్రోలు కారు ఒకటి ఉంది. అందుకని కారులో పెట్రోలు ఆవిరి లీకుల గురించి చెబుతాను.

పెట్రోలు కారుతోందంటే బొట్టు కిందపడుతుంది, మరక కనపడుతుంది, అందరూ గాబరాపడతారు. ఆవిరి లీకు అలా కాదు. నేల తడవదు, మైలేజీ కూడా పెద్దగా తగ్గదు. వాసన ఒక్కటే వస్తుంది. నాలుగు రోజులు పోతే ముక్కు ఆ వాసనకు అలవాటు పడిపోతుంది. అందుకే ఇది ప్రమాదం.

పెట్రోలు ఎంత తేలిగ్గా అంటుకుంటుందో మనకు ఫౌజులో పి.ఓ.ఎల్. డంపుల దగ్గర నేర్పారు. సున్నాకి నలభై డిగ్రీలు దిగువన కూడా అది అంటుకునేంత ఆవిరిని ఇస్తుంది. గాలిలో ఆ ఆవిరి ఒకటిన్నర శాతం దగ్గర్లో ఉంటే చాలు, నిప్పురవ్వ పడితే భగ్గుమంటుంది. ఇంకో సంగతి, ఈ ఆవిరి గాలి కంటే మూడు నాలుగు రెట్లు బరువు. పైకి పోదు, నేల బారున పాకుతుంది. మూసిన షెడ్డులోనో, గుంటలోనో నిలబడిపోతుంది. మన ఇళ్ళలో కారు షెడ్డు పక్కనే వంటిల్లు, షెడ్డులోనే నీళ్ళ మోటారు స్విచ్చి ఉండడం మామూలు. పైగా పెట్రోలులో బెంజీన్ ఉంటుంది. అది కేన్సరు తెచ్చే పదార్థం. బి.ఎస్.-6 పెట్రోలులో దాన్ని ఒక్క శాతానికి మించనివ్వరు. అయినా మూసిన కారులో పిల్లలను కూర్చోబెట్టి దాన్ని పీల్పించడం మంచిది కాదు కదా.

ఇప్పుడు కారులో ఈ ఆవిరిని పట్టి ఉంచే ఏర్పాటు ఏమిటో చూద్దాం. పాత జోంగాలు, వన్ టన్ నిస్సాన్లు నడిపిన వాళ్ళకు గుర్తుండే ఉంటుంది. ఆ రోజుల్లో టాంకు ఆవిరి నేరుగా గాలిలో కలిసేది. ఎవరూ పట్టించుకునేవారు కాదు. అమెరికాలో లాస్ ఏంజెలెస్ ఊరి మీద పొగమంచులాగా కమ్ముకునేదానికి పెట్రోలు ఆవిర్లు, కారు పొగ ఎండలో కలిసి మారడమే కారణమని 1950 ల నాటికి హాగెన్-స్మిత్ అనే శాస్త్రవేత్త చూపించారు. దాని తర్వాత 1970 మోడలు కార్ల నుండి కాలిఫోర్నియాలో, ఆ మరుసటి ఏడు అమెరికా అంతటా ఆవిరిని బయటికి వదలకూడదని నియమం పెట్టారు. మన దేశంలో కూడా కాలుష్య నియమాలతో పాటే ఇది వచ్చింది. ఇప్పుడు కారును మూసిన గదిలో పెట్టి పరీక్ష చేస్తే మొత్తం రెండు గ్రాములకు మించి ఆవిరి రాకూడదు. కొత్త కారు ఈ పరీక్షలో నెగ్గే బజారులోకి వస్తుంది.

పని చేసే తీరు చాలా సులువు. టాంకులో పుట్టిన ఆవిరి ఒక సన్నని గొట్టం గుండా కేనిస్టరు అనే డబ్బాలోకి పోతుంది. ఆ డబ్బా నిండా బొగ్గు గుళికలు ఉంటాయి. గ్యాస్ మాస్కులో బొగ్గు ఉన్నట్టే. ఆ బొగ్గు ఆవిరిని పట్టుకుంటుంది. బండి స్టార్టయి ఇంజను వేడెక్కాక కంప్యూటరు పర్జ్ వాల్వు అనే చిన్న విద్యుత్ వాల్వును తెరుస్తుంది. ఇంజను పీల్పుకి డబ్బా రెండో వైపు నుండి మంచి గాలి లోపలికి వచ్చి, బొగ్గులోని ఆవిరిని ఊడ్చుకుని ఇంజనులోకి పోతుంది. అక్కడ కాలిపోతుంది. అంటే వృథాగా పోవలసిన పెట్రోలు మళ్ళీ పనికొస్తుంది. టాంకు మూత, మూత కింది మెడ, టాంకు పైన పంపు బిగించిన చోట రబ్బరు సీలు, గొట్టాలు, కేనిస్టరు, పర్జ్ వాల్వు – ఈ ఆరింటిలో ఎక్కడైనా లీకు రావచ్చు. చిన్న కార్లు కొన్నిటిలో కేనిస్టరు బానెట్ కింద ఉంటుంది, కొన్నిటిలో వెనక టాంకు పక్కన ఉంటుంది.

మన పిల్లలు చాలామంది అమెరికాలో ఉన్నారు. వాళ్ళు ఫోను చేసి "నాన్నా, చెక్ ఇంజన్ లైటు వచ్చింది, పి 0442 అని చూపిస్తోంది" అంటారు. అది చిన్న లీకు. పి 0456 అంటే మరీ చిన్న లీకు. పి 0455 అంటే పెద్ద లీకు. అక్కడ 1996 మోడళ్ళ నుండి ఓ.బి.డి.-2 తప్పనిసరి. చిన్న లీకు అంటే ఒక మిల్లీమీటరు రంధ్రం, మరీ చిన్నది అంటే అర మిల్లీమీటరు. సన్నని సూది మొనతో పొడిచినంత కంతను కూడా అక్కడి కారు తనంతట తాను కనిపెడుతుంది.

మరి మన కార్లు? మనకు కూడా ఓ.బి.డి. ఉంది, 2020 ఏప్రిల్ నుండి బి.ఎస్.-6 కూడా వచ్చింది. కానీ మన నియమాలు యూరప్ పద్ధతిలో రాసినవి. వాటి ప్రకారం పర్జ్ వాల్వు వైరు తెగిందా లేదా అని కంప్యూటరు చూస్తే సరిపోతుంది. గొట్టంలో కంత పడిందా అని చూడనక్కర లేదు. అందుచేత మన దేశంలో చాలా కార్లలో ఆవిరి లీకయినా డాష్ బోర్డు మీద ఏ దీపం వెలగదు. పొల్యూషన్ సర్టిఫికెట్ ఉంది కదా అంటారేమో. ఆ పరీక్ష సైలెన్సరు పొగను చూస్తుంది, టాంకు వైపు చూడదు. రైలుకైతే ఇంజనులో బ్రేక్ పైపు ఒత్తిడి 5 కేజీలు ఉండాలి, ఎక్కడ హోస్ పైపు లీకయినా గేజీ పడిపోతుంది, డ్రైవరుకి తెలిసిపోతుంది. మన కారుకి ఆ గేజీ లేదు. మన ముక్కే గేజీ అనుకోవాలి.

మూడేళ్ళ క్రితం విశ్వకర్మ పూజ రోజు జరిగిన సంగతి చెబుతాను. ఖరగ్‌పూర్ లో విశ్వకర్మ పూజ అంటే ఎంత హడావిడో మీకు చెప్పనక్కర లేదు. మలంచా వైపు ఒక పెద్దాయన ఉన్నారు. రైల్వే షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. శ్రీకాకుళం వాళ్ళు. నేను బాబాయ్ గారూ అంటాను. వాళ్ళ పెట్రోలు కారుకి పూజ చేసుకుని, మర్నాడు మనవరాలితో సహా ఊళ్ళో పెళ్ళికి బయలుదేరాలని ఏర్పాటు. నన్ను ప్రసాదానికి పిలిచారు. షెడ్డులోకి అడుగు పెట్టేసరికి గుప్పున పెట్రోలు వాసన. షట్టరు సగం దించి ఉంది. పిన్నిగారి చేతిలో పళ్ళెం, అందులో కర్పూరం బిళ్ళలు, అగ్గిపెట్టె.

"పిన్నిగారూ, అగ్గిపుల్ల గీయకండి" అన్నాను. బాబాయ్ గారు "హారతి బండి దగ్గరే ఇవ్వాలి కదా బాబూ. వాసన నెల రోజులుగా వస్తూనే ఉంది, ఏం కాలేదు" అన్నారు. నేను మాట పెంచలేదు. షట్టరు పూర్తిగా ఎత్తించాను. స్విచ్చి ఏదీ నొక్కొద్దన్నాను. బండి స్టార్టు చెయ్యకుండా న్యూట్రల్ లో పెట్టి నలుగురం కలిసి రోడ్డు మీదికి తోశాము. అరగంట గాలి ఆడనిచ్చి, బండికి బాగా దూరంగా హారతి ఇప్పించాను. ఆ రోజు ప్రయాణం ఆపమన్నాను. ఆయన కొంచెం నొచ్చుకున్నారు కానీ మాట విన్నారు.

అంతకుముందే ఆయన రెండు చోట్ల చూపించారట. ఒకచోట "కిచ్ఛు హొబే నా దాదా" అని పంపేశారు. ఇంకోచోట టాంకు మొత్తం మార్చాలి అని పెద్ద లెక్క చెప్పారు. రెండు చోట్లా బండి కిందికి దూరి చూసినవాళ్ళు లేరు. మర్నాడు పొద్దున్నే చల్లని ఇంజను మీద నేను పని మొదలుపెట్టాను. చేసిన వరస చెబుతాను, మీరు కూడా అదే వరస పాటించవచ్చు.

మొదట జాగ్రత్తలు. బండి ఆరుబయట ఉండాలి, నీడలో ఉండాలి. ఇంజను చల్లబడాలి. బ్యాటరీ నెగటివ్ తీగ తీసెయ్యాలి. బీడీ, సిగరెట్టు, సెల్ ఛార్జరు, హ్యాండ్ లాంపు దగ్గరకు రానివ్వకూడదు. పౌడరు ఫైర్ ఎక్స్టింగ్విషరు, ఇసుక బకెట్టు చేతికందే చోట పెట్టుకోవాలి. ఇది భయం కాదు, డ్రిల్లు.

రెండవది, వాసన ఎప్పుడు ఎక్కువ వస్తోందో యజమానిని అడగాలి. టాంకు నింపిన రోజునే వస్తే టాంకు పై భాగం, మెడ, పంపు సీలు మీద అనుమానం. ఎండలో నిలబెడితే వస్తే గొట్టాలు, కేనిస్టరు. స్టార్టింగులో ఇంజను వణుకుతూ, ముఖ్యంగా ఆయిలు నింపాక స్టార్టు కష్టమైతే పర్జ్ వాల్వు తెరుచుకుని ఉండిపోయిందని, లేదా కేనిస్టరులోకి పెట్రోలు చేరిందని అనుమానించాలి.

మూడవది, మూత. అన్నిటికన్నా చౌక ఇదే, కాబట్టి ముందు ఇదే చూడాలి. రబ్బరు వాషరు గట్టిపడిందా, చీలిందా, కూర్చునే చోట మట్టి, తుప్పు ఉందా చూసి గుడ్డతో తుడవాలి. తిప్పితే టిక్ టిక్ అనే వరకు బిగించాలి. రోడ్డు పక్క దొరికే రకం మూతలు కొనకండి. చూడ్డానికి ఒకటే అయినా లోపలి వాల్వు వేరుగా ఉంటుంది.

నాలుగవది, గొట్టాలు. టాంకు నుండి కేనిస్టరు దాకా, కేనిస్టరు నుండి ఇంజను దాకా వేలితో తడుముకుంటూ పోవాలి. వంపు తిరిగిన చోట, క్లిప్పు కింద, ఇనప బ్రాకెట్టుకి రాసుకునే చోట రబ్బరును కొంచెం వంచి చూడాలి. వంచితేనే పగుళ్ళు నోరు తెరుస్తాయి. బాబాయ్ గారి బండిలో సరిగ్గా ఇక్కడే దొరికింది. వెనక చక్రం పైన గొట్టం మీద రెండు పంటి గాట్లు. పందికొక్కుల పని. షెడ్డులో ఊరి నుండి తెచ్చిన బియ్యం బస్తాలు పెట్టారు, దాని కోసం వచ్చి గొట్టం కూడా రుచి చూశాయి. ఒక గాటు లోపలి దాకా దిగింది. పైకి చూస్తే గీత లాగా ఉంది, అంతే.

అనుమానం తీరకపోతే సైకిలు పంక్చరు వాడి పద్ధతి ఉంది. గొట్టం విప్పి, ఆవిరి పోయేలా బాగా ఆరబెట్టి, ఒక చివర బోల్టు దూర్చి, రెండో చివర బి.పి. మిషను రబ్బరు బుడ్డి తగిలించి నీళ్ళ తొట్టెలో ముంచి మెల్లగా నొక్కాలి. బుడగలు వచ్చిన చోటే కంత. నోటితో ఊదకండి, పెట్రోలు ఆవిరి ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. పంక్చరు షాపు కంప్రెసరు గాలిని టాంకులోకి ఎప్పుడూ పెట్టవద్దు. ఈ ఏర్పాటు అంతా అర పౌండు, అంటే నీటి మట్టం లెక్కన సుమారు 35 సెంటీమీటర్ల ఒత్తిడితో పరీక్షించవలసినది. టైరుకి పెట్టేది 30 పౌండ్ల పైన. అది పెడితే సీళ్ళు ఊడిపోతాయి, కేనిస్టరు పగిలిపోతుంది, టాంకు ఉబ్బుతుంది. పెట్రోలు ఉన్న టాంకులో గాలి నింపడం అసలే పనికిరాదు. టాంకును పరీక్షించాలంటే స్మోక్ మిషను ఉన్న వర్క్ షాపుకి తీసుకెళ్ళండి. అది మినరల్ ఆయిలును వేడిచేసి తెల్లని పొగ పుట్టించి చాలా తక్కువ ఒత్తిడితో లోపలికి పంపుతుంది. కంత ఉన్న చోట పొగ సన్నగా దారంలాగా బయటికి వస్తుంది. పొగ పంపడానికి మామూలు గాలి కాకుండా నైట్రోజన్ వాడుతున్నారా అని అడగండి. పొగ పట్టేముందు కేనిస్టరు మంచిగాలి రంధ్రం మూయాలి, లేకపోతే పొగంతా దాంట్లోంచే పోతుంది.

ఐదవది, పర్జ్ వాల్వు. కరెంటు లేనప్పుడు ఇది మూసి ఉండాలి. బండి నుండి విప్పి దూరంగా తెచ్చి, అదే రబ్బరు బుడ్డితో గాలి కొడితే అవతలికి పోకూడదు. పోతే వాల్వు పాడయినట్టే. బ్యాటరీ కరెంటు ఇచ్చి చూడాలంటే బండికి బాగా దూరంగా చెయ్యాలి, నిప్పురవ్వ వస్తుంది. బండి మీద చూడాలంటే గొట్టాలన్నీ బాగున్నాయని తేలాక మాత్రమే, బ్యాటరీ తగిలించి స్టార్టు చెయ్యాలి. ఇంజను చల్లగా ఉన్నప్పుడు కేనిస్టరు వైపు నోటికి వేలు పెడితే పీల్పు తెలియకూడదు. వేడెక్కాక ఆగి ఆగి పీల్చాలి.

ఆరవది, కేనిస్టరు. ఊపితే గలగలమంటే లోపల బొగ్గు పొడి అయిపోయింది. బరువుగా ఉండి పెట్రోలు కారితే అది తడిసిపోయింది. కడిగితే బాగుపడదు, మార్చడమే. దాని మంచిగాలి రంధ్రంలో కందిరీగలు మట్టిగూడు పెడతాయి. అప్పుడు టాంకు మూత తీస్తే బుస్సుమని గాలి గట్టిగా లోపలికి పోతుంది. ఆ గూడు తీసేస్తే చాలు.

బాబాయ్ గారి బండికి గొట్టం మార్చాక వాసన చాలావరకు పోయింది. ఆయన సంతోషించి "అయిపోయింది కదా, రేపు బయలుదేరతాం" అన్నారు. టాంకు నింపి ఒక రాత్రి ఆరుబయట ఉంచుదామన్నాను. పొద్దున్న వెనక తలుపు తీస్తే మళ్ళీ సన్నగా వాసన. వెనక సీటు ఎత్తి మూత తీసి చూస్తే పంపు బిగించిన చోట రబ్బరు సీలు నలిగి ఒక పక్కకు జరిగి ఉంది. ఎప్పుడో పంపు విప్పినవాళ్ళు పాత సీలునే తిరిగి పెట్టారు. అంటే రెండు లీకులు. ఒకటి దొరికింది కదా అని ఆపేస్తే రెండోది లోపల పిల్ల కూర్చునే సీటు కిందే ఉండేది. కొత్త సీలు వేశాక మరో రాత్రి ఉంచి చూశాము. వాసన లేదు. గొట్టం, సీలు కలిపి వెయ్యి రూపాయలు కూడా కాలేదు. టాంకు మార్చే అవసరం రాలేదు. పదహారో నంబరు హైవే మీద ఆరు వందల కిలోమీటర్ల పైన ప్రయాణం చేసి, పెళ్ళికి ఒకరోజు ఆలస్యంగానైనా క్షేమంగా చేరారు.

బాగుచేసేటప్పుడు కొన్ని పనులు చెయ్యకూడదు. సైకిలు ట్యూబు ముక్క చుట్టడం, అక్వేరియం పైపు వెయ్యడం, ఎమ్-సీల్ పూయడం, సిలికాన్ గమ్ము పెట్టడం – ఇవన్నీ పెట్రోలుకి కొద్ది రోజుల్లో కరిగిపోతాయి, లేదా గట్టిపడి పగులుతాయి. పెట్రోలు కోసం తయారుచేసిన గొట్టం, సరైన సైజుది అడిగి తీసుకోవాలి. క్లిప్పు మరీ బిగిస్తే అదే రబ్బరును కోసేస్తుంది. పంపు విప్పినప్పుడల్లా కొత్త సీలు వెయ్యాలి. టాంకు దగ్గర వెల్డింగు, సోల్డరింగు మాట ఎత్తకూడదు.

ఇంకొక కొత్త విషయం. 2025 నాటికి మన పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలపడం వచ్చేసింది. 2023 ఏప్రిల్ తర్వాత వచ్చిన కార్లలో దానికి తగిన రబ్బరు వాడుతున్నారు. అంతకు ముందు కార్లు ఉన్నవాళ్ళు గొట్టాలు, సీళ్ళు ఏడాదికి ఒకసారైనా చూపించుకోండి. అవి ముందు కంటే త్వరగా మార్చవలసి రావచ్చు.

చివరిగా మన అలవాటు ఒకటి. బంకులో పంపు టక్ మని ఆగిపోయాక "రౌండు ఫిగరు చెయ్యి భాయ్" అంటాం. ఆ చివరి అర లీటరు టాంకులో ఆవిరి కోసం వదిలిన ఖాళీని నింపేస్తుంది. ఎండలో పెట్రోలు ఉబ్బి ద్రవంగానే కేనిస్టరులోకి పోతుంది. నలభై, యాభై రూపాయల రౌండు ఫిగరుకి వేల రూపాయల కేనిస్టరు పోతుంది. పంపు ఆగితే మనమూ ఆగాలి.

కాబట్టి నేను కోరేది ఇంతే. షెడ్డు తలుపు తీసిన వెంటనే మొదటి ఊపిరిలో పెట్రోలు వాసన వస్తే దాన్ని హెచ్చరికగా తీసుకోండి. లైటు వెయ్యొద్దు, అగ్గిపుల్ల గీయొద్దు, బండి స్టార్టు చెయ్యొద్దు. తలుపులు తెరిచి, బయటికి తోసి, అప్పుడు వెతకండి. పెద్ద ఖర్చు ఎవరైనా చెబితే ముందు మూత, గొట్టం, సీలు చూశారా అని అడగండి. ఆదివారాలు పొద్దున్న నేను ఇంట్లోనే ఉంటాను. ఎవరికి అనుమానం ఉన్నా బండి తీసుకురండి, కలిసి చూద్దాం. నాకు టీ ఇస్తే చాలు.



జై హింద్.